సొట్ట గ్లాసు

ఉరుకుందుకు రెండేళ్లు ఇంకా నిండలేదు. బర్త్ సర్టిఫికెట్లో వాడికి నోరు తిరగని కొత్త పేరొకటి ఉంది గానీ, ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటే పుట్టాడని నాయన తల్లి, వాళ్ల జేజి నాగలక్ష్మమ్మ పెట్టిన పేరే ఇంట్లో చెల్లుతోంది. తండ్రి సుధీర్ ఎరువుల అంగడి మూసి వచ్చేటప్పుడల్లా వాడికి ఏదో ఒక బొమ్మ తెస్తాడు. కీ ఇస్తే గెంతే కోతి, పాట పాడుతూ తిరిగే రైలు. ఉరుకుందు వాటిని మర్యాద కోసం ఒకసారి చూసి, అవి వచ్చిన అట్టపెట్టెలో ఎక్కి కూర్చుంటాడు. వాడికి కావలసినవి వేరు. పప్పుగుత్తి, కుక్కర్ విజిల్, గుత్తిలోంచి ఊడొచ్చిన తాళంచెవి, నూనె గరాటు. వీటన్నిటినీ మించి వాడి ప్రాణమంతా పెరటి గోడ గూట్లో ఉంది. అక్కడ ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది.

దానికి నడుము నుంచి అడుగు దాకా పెద్ద సొట్ట. అందుకని ఎక్కడ పెట్టినా కుదురుగా నిలవదు. అంట్లు తోమే బండ మీద పెట్టి వేలితో తాకితే చాలు, తంగు తంగు మని ఊగుతుంది. వాడు దానికి తంగు అనే పేరు పెట్టుకున్నాడు. ఇంట్లో మిగతావాళ్లు దాన్ని రెజీనా గ్లాసు అంటారు. అది వంటింట్లోకి రాదనీ, వంటింట్లోవి ఆ గూటికి పోవనీ ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అయినా అందరికీ తెలుసు.

రెజీనా ఆ ఇంట్లో అంట్లు తోమి, కసువు ఊడ్చి, గుడ్డలు ఉతుకుతుంది. సగం పని అయ్యాక టీ. రెజీనా గూట్లోంచి గ్లాసు తీసి, బండ మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి జరుగుతుంది. నాగలక్ష్మమ్మ వచ్చి గిన్నె పైకెత్తి పోస్తుంది. గిన్నె అంచు గ్లాసుకు తగలదు. గ్లాసేమో ఊగుతూ ఉంటుంది, అయినా ఒక్క చుక్క బయట పడదు. మెచ్చుకోవలసిన పనితనమే. ఎన్నాళ్లు సాధన చేస్తే వస్తుందో!

రెజీనా గొంతుక్కూర్చుని టీ తాగుతుంటే ఉరుకుందు ఎదురుగా చతికిలబడి, ఆమె గొంతు ఆడడం చూస్తూ తన వంతు కోసం కాచుకుంటాడు. తాగేసి, కడిగి, గ్లాసు వాడి చేతికిస్తుంది. వాడు అందులో ఒక గులకరాయి వేసి గలగలలాడిస్తాడు. సొట్టలో బొటనవేలు పెట్టి రుద్దుతాడు. చివరికి ఉత్త గ్లాసే ఆమె మూతికి అందించి, "జీనా, తాగు" అంటాడు.

"అబ్బబ్బ, ఏం చక్కెరేసినావప్పా!" అని రెజీనా జుర్రినట్టు చప్పుడు చేస్తుంది. అప్పుడు గానీ వాడు తన మూతికి పెట్టుకోడు. ముందు జీనా, తర్వాత తను. ఈ ఆట ఎన్నిసార్లు ఆడినా వాడికి విసుగు రాదు.

ఆ శుక్రవారం రెజీనా టీ సగం తాగి, ఎండ పోకముందే గుడ్డలు ఆరేద్దామని మిద్దె పైకి వెళ్లింది. దిగి వచ్చేసరికి నాగలక్ష్మమ్మ పెరట్లో కేకలు పెడుతోంది. ఉరుకుందు రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ఉన్నాడు. గడ్డం మీద, చొక్కా మీద టీ కారుతోంది. మొహంలో గొప్ప సంతోషం. ఉత్తుత్తి ఆట ఇవాళ నిజమైంది మరి.

నాగలక్ష్మమ్మ గ్లాసు పెరికి బండ మీదికి విసిరేసింది. వాణ్ని చంకలో ఇరికించుకుని కొళాయి దగ్గరికి లాక్కుపోయి నోట్లో వేలు పెట్టి కడిగింది. వాడు ఏడ్చింది నోరు కడిగినందుకు కాదు, గ్లాసు పోయినందుకు.

"ఏం మే రెజీనా, బిడ్డకు అందేటట్ల గ్లాసు పెట్టి యాడికి పోయినావు?"

"గుడ్డలు ఆరేసేకి పోయింటినమ్మా. రెండు గుక్కలు ఉండె. వాడే తీసుకోని తాగినాడు. రోంత టీ తాగితే ఏమైతాది?"

"టీ కాదు మే. ఎంగిలి! ఎంగిలి గ్లాసది!"

నాగలక్ష్మమ్మ ఎడమ చేతిలో ఇంకా సగం జామకాయ ఉంది. ఇందాకటి నుంచీ ఆమె ఆ కాయ కొరుకుతూ, గింజలు ఊసేస్తూ, మెత్తటి ముక్కలు నోట్లోంచి తీసి మనవడి నోట్లో పెడుతూనే ఉంది. వాడి చొక్కా మీద టీ మరక పక్కన ఆ జామపిక్కలు కూడా అంటుకుని ఉన్నాయి.

"ఎంగిలే అయితే నువ్వు కొరికిచ్చిన జాంకాయ తింటాండాడు గదమ్మా. అదీ ఎంగిలే గదా."

ఆ మాట తన నోటి నుంచి వస్తుందని రెజీనా కూడా అనుకోలేదు. వచ్చాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

"నా ఎంగిలీ నీ ఎంగిలీ ఒగటేనా?" అంది నాగలక్ష్మమ్మ.

కోడలు నాగజ్యోతి అప్పుడే గడపలోకి వచ్చింది. అత్త మాట ఆమె చెవిన పడింది. ఎమ్మెస్సీ చదివిన పిల్ల, మొహం ఎర్రబడింది. "అదికాదు రెజీనా, అత్తమ్మ హైజీన్ గురించి చెప్తాండాది. ఒకరి ఎంగిలి మంచిది, ఇంకొకరిది కాదు అని అనలేదు. రేపట్నుంచి పేపరు కప్పులు తెప్పిస్తా. తాగేది, పారేసేది. అందరికీ మంచిది."

"అందరికీనా చిన్నమ్మా?"

నాగజ్యోతి ఫోను చూసుకుంది. అందరికీ అన్న మాటలో ఆ ఇంట్లోవాళ్లు లేరు, ఉన్నది రెజీనా ఒక్కతే. అది రెజీనాకు తెలుసు, నాగజ్యోతికీ తెలుసు.

"ఆ గ్లాసు దిబ్బలో పారేసి పో" అంది నాగలక్ష్మమ్మ.

రెజీనా గ్లాసు ఎత్తి సంచిలో వేసుకుంది. దిబ్బ దాటి, రైలు గేటు దాటి ఇంటికి వచ్చేసింది.

కోసిగిలో వాళ్ల వీధి జనవరి వచ్చేసరికి సగం ఖాళీ అవుతుంది. తలుపులకు తాళాలు, తాళాల మీద దుమ్ము. మనుషులంతా గుంటూరు వైపు మిరపకోతల్లో ఉంటారు. రెజీనా భర్త యేసుప్రసాద్ కూడా అక్కడే ఉన్నాడు. పిల్లల్ని ఇక్కడ వదల్లేక వెంట తీసుకుపోయినవాళ్లే ఎక్కువ. రెజీనాకు ఈ ఇంటి పని దొరికింది కాబట్టి, నాలుగో తరగతి చదువుతున్న వాళ్ల నిస్సీ బడిలో ఉంది.

సంచిలోంచి దొర్లిన గ్లాసును నిస్సీ పట్టుకుంది. అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు కూడబలుక్కుంది. "నా... గ... లక్ష్మమ్మ. మా, ఇది నీ గ్లాసంటివి గదా? ఆయమ్మ పేరుండాది!"

ఆరేళ్లుగా అందులో టీ తాగుతున్నా రెజీనా ఆ చుక్కల్ని ఎప్పుడూ చదవలేదు. తోమేటప్పుడు వేళ్లకు గరుగ్గా తగిలేవంతే.

"వాళ్లింట్లో అన్నిటి మీదా ఆయమ్మ పేరే. పెండ్లిలో పుట్టింటోళ్లు కొట్టిచ్చి ఇచ్చినారు" అంది మంచం మీద కూర్చున్న అత్త ప్రేమమ్మ. మోకాళ్లు పట్టేయకముందు ఆ ఇంటి పశువుల కొట్టం ఆమే ఊడ్చేది. "సొట్ట పడినాక బయట పెట్టినారు. ఏం జరిగింది, గ్లాసెందుకు తెచ్చినావు?"

రెజీనా జరిగింది చెప్పింది. ప్రేమమ్మ తల పట్టుకుంది.

"నోరు మూసుకోని ఉండలేవా మే? ఆ పని పోతే నువ్వూ మిరపకాయలకు పోవాల. నిస్సీని యాడ పెడతావు? నాకు కాళ్లు పట్టుకోని లేసేదే కష్టం. బిడ్డ బడి ఇడిసిపెట్టాల్సిందే గదా."

"ఆయమ్మ అన్న మాట ఇన్యావా అత్తా?"

"మాకు గ్లాసు గూడ యాడిది? దోసిలి పట్టాల, పైనుంచి పోస్తా ఉంటే తాగాల. నీళ్లు మోచేతుల దాకా కారి రైకంతా తడిసేది. నీకు గ్లాసన్నా ఉండె. దాన్ని నిలుపుకోలేకపోతివి."

నిస్సీ అవ్వకు మాత్రలు మింగడానికి చెంబుతో నీళ్లు తెచ్చి వంచింది. మాట్లాడుతున్న ప్రేమమ్మ రెండు చేతులూ వాటంతటవే దోసిలై గడ్డం కిందికి లేచాయి. సొంత మంచం మీద, సొంత మనవరాలి ముందు. ఆమె వాటిని చూసుకుంది. మెల్లగా దించి, చెంబు పట్టుకుని, ఎత్తి తాగింది. తర్వాత కోడల్ని తిట్టలేదు.

శనివారం పేపరు కప్పుల కట్ట వచ్చింది. నాగలక్ష్మమ్మ ఒక కప్పులో టీ పోసి గూట్లో పెట్టింది. దూరం నుంచి పోయాల్సిన అవసరం కూడా తప్పింది.

"టీ పోసినా, తీసుకో మే."

"వద్దమ్మా."

"కోపమా?"

"వద్దు, అంతే."

కప్పు అట్లాగే ఉంది. టీ మీద మీగడ కట్టింది, చీమలు చేరాయి. రెజీనా దాన్ని పారబోయలేదు. గూడు తుడిచినప్పుడు దాని చుట్టూ తుడిచింది.

ఉరుకుందు మాత్రం తన అభిప్రాయాన్ని అంత నెమ్మదిగా చెప్పే మనిషి కాదు. నిద్రలేవగానే గూటి దగ్గరికి పరిగెత్తి చెయ్యి పెట్టి తడిమాడు. కప్పు తీసి చూసి కింద పారేశాడు. "తంగు! తంగు!" అని ఇల్లంతా వెతికాడు. పాలు తెస్తే మూతి తిప్పుకున్నాడు. అమ్మమ్మ వాళ్లు పేరు కొట్టించి ఇచ్చిన వెండి గ్లాసులో పోసి ఇస్తే, విసిరికొట్టాడు. ఆ వెండి గ్లాసుకూ ఒక సొట్ట పడింది గానీ, అంతమాత్రాన అది తంగు కాలేదు. సుధీర్ ఏనుగు తొండం ఉన్న కప్పొకటి తెచ్చాడు. స్పూనుతో పోయబోతే పళ్లు బిగించాడు. డాక్టరు పరీక్ష చేసి, బిడ్డకు రోగమేమీ లేదు, మొండితనం ఒకటే ఉందని చెప్పాడు.

ఆదివారం రెజీనా తెల్లారేసరికే వాళ్లింటి పని ముగించి, అత్తనూ బిడ్డనూ తీసుకుని యేసు గుడికి పోయింది. ఆ నెల ప్రభు భోజన సంస్కారం ఇచ్చే ఆదివారం. పాస్టరు అయ్యగారు ద్రాక్షరసం గిన్నె ఒక్కొక్కరి నోటికీ అందించి, అంచును తెల్లగుడ్డతో తుడిచి, పక్కవాళ్లకు అందిస్తున్నాడు. ప్రేమమ్మ తాగింది. అదే గిన్నె రెజీనా దగ్గరికి వచ్చింది. ముందు తాగింది ఎవరని ఎవరూ అడగలేదు. చిన్నప్పటి నుంచీ ఆ గిన్నెలో తాగుతూనే ఉంది, ఆ సంగతి ఇవాళే ఆమెకు తట్టింది. కోపం వచ్చింది. గుళ్లో కోపం రాకూడదంటారు గానీ, వచ్చింది.

సోమవారానికి నాగలక్ష్మమ్మ గొంతు తగ్గింది. మనవడి బుగ్గలు లోపలికి పోయాయి. వాడు ఆమె ఒళ్లో నీరసంగా పడుకుని గూటి వైపే చూస్తున్నాడు.

"ఆ గ్లాసు యాడ పారేసినావు మే?"

"పారేయలేదమ్మా. మా ఇంట్లో ఉండాది."

నాగలక్ష్మమ్మకు ప్రాణం లేచి వచ్చింది. "రేపు తీసుకురా. బూడిదేసి తోమి, మరుగుతాండే నీళ్లల్లో ఏసి ఉడకబెట్టి ఇస్తా. మూన్నాళ్లుంటే ఆ గ్లాసును వాడే మర్చిపోతాడు."

ఉడకబెడితే పోయేది రెజీనా మూతి ఎంగిలి అన్నమాట. "తెస్తాలేమ్మా" అంది రెజీనా.

మంగళవారం పొద్దున ప్రేమమ్మే గ్లాసుకు బూడిద వేసి మెరిసేదాకా తోమింది. కోడలి చేతికిస్తూ ఒక్క మాట అంది. "ఊరికే ఇచ్చేసి రావాకు."

"పని పోతే?"

"పోతే నిస్సీని నేను చూసుకుంటా. డేకతానన్నా బడికి పంపిస్తా. పో."

నాగలక్ష్మమ్మ గ్లాసును పట్టకారుతో పట్టుకుని నీళ్లలో ఉడికించింది. ఒకసారి చాలదనిపించి మళ్లీ ఉడికించింది. ఆరబెట్టి, పాలు పోసి, పెరట్లోకి తెచ్చి మనవడి ముందు పెట్టింది. గ్లాసు తంగుమంది. ఉరుకుందు కళ్లు పెద్దవయ్యాయి. దాన్ని చెంపకు ఆనించుకున్నాడు. సొట్టలో వేలు పెట్టి సరిచూసుకున్నాడు. తంగే.

"తాగు నాయనా, తాగు" అంది జేజి.

వాడు తాగలేదు. గ్లాసు రెండు చేతులా పట్టుకుని, పాలు ఒలకబోసుకుంటూ, అంట్లు తోముతున్న రెజీనా దగ్గరికి వచ్చాడు. గ్లాసు ఆమె మూతికి ఎత్తాడు. "జీనా, తాగు."

రెజీనా పీచు కింద పెట్టింది. సబ్బు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కదలకుండా కూర్చుంది. పాలగ్లాసు అంచు ఆమె పెదవి ముందు వణుకుతోంది.

"నాది ఎంగిలైతాదమ్మా. తాగమంటావా?"

"తాగినట్ల చెయ్యి చాలు" అంది నాగలక్ష్మమ్మ గబగబా.

రెజీనా జుర్రినట్టు చప్పుడు చేసింది. ఉరుకుందు గ్లాసులోకి తొంగి చూశాడు. తర్వాత ఆమె గొంతు వైపు చూశాడు. ఉత్త గ్లాసయితే ఉత్తుత్తిగా తాగొచ్చు, పాలున్నప్పుడు ఆ లెక్క కుదరదని వాడికి బాగా తెలుసు. "కాదు. తాగు" అన్నాడు, ఏడుపు గొంతుతో.

నాగజ్యోతి గడపలో నిలబడి ఉంది. "అత్తమ్మా, చెప్పు" అంది.

నాగలక్ష్మమ్మ గోడ వైపు తిరిగింది. "తాగు మే" అంది.

రెజీనా నిండుగా ఒక గుక్క తాగింది. పై పెదవి మీద పాల మీసం వచ్చింది. వాడు కిలకిలా నవ్వి, గ్లాసు తన మూతికి తిప్పుకుని, ఊపిరి తీసుకోవడం కూడా మర్చిపోయి గటగటా తాగాడు. అడుగున మిగిలిన చుక్క కోసం గ్లాసును తలకిందులు చేసి నెత్తిన పోసుకున్నాడు. నాగజ్యోతి అత్తకు కనపడకుండా కళ్లు తుడుచుకుంది.

రెజీనా లేచి చేతులు కడుక్కుంది. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేననుకుంది.

కాసేపటికి నాగలక్ష్మమ్మ ఒక చేత్తో టీ గిన్నె, ఇంకో చేత్తో పేపరు కప్పు పట్టుకుని వచ్చింది.

"కప్పు వద్దమ్మా. నా గ్లాసు మీ వాడు తీసుకున్యాడు. నాకు గ్లాసియ్యి."

"ఏ గ్లాసు?"

"మీరు తాగే గ్లాసు. స్టాండులో ఉండాయి గదా."

"పెద్ద మాటలు మాట్లాడతాండావే! ఇయ్యకుంటే ఏం చేస్తావు?"

"పని ఇడిసిపెట్టి మిరపకాయలకు పోతా. నా బిడ్డ బడి ఏమైతాదో అని భయమే నాకు. భయపడుకుంటానే పోతా."

ఉరుకుందు ఇద్దరి మధ్యా కూర్చుని తంగును ఊపుతున్నాడు. నాగలక్ష్మమ్మ వాణ్ని చూసింది. లోపలికి పోయింది. స్టాండు దగ్గర స్టీలు గ్లాసులు కదిలిన చప్పుడైంది. టీ నింపిన గ్లాసుతో వచ్చి బండ మీద పెట్టడానికి వంగింది.

రెజీనా ఈసారి వెనక్కి జరగలేదు. చెయ్యి చాపింది. "చేతికియ్యమ్మా."

నాగలక్ష్మమ్మ వంగిన నడుము ఎత్తింది. చివరికి గ్లాసు ఆ చేతిలో పెట్టింది. రెండు చేతులూ ఒకదానికొకటి తగిలేసరికి చటుక్కున వదిలేసింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె టీ ఒలికింది. ఇద్దరి వేళ్లూ కాలాయి.

రెజీనా తీరిగ్గా తాగింది. ఆ తర్వాత మిగతా అంట్లన్నీ ముందేసుకుంది. పొద్దున సుధీర్ తాగిన గ్లాసు, నాగజ్యోతి తాగింది, ఇంటికొచ్చిన చుట్టాలు తాగినవి, తను తాగింది, అన్నీ ఒకే బుట్టలో వేసి, ఒకే పీచుతో తోమి, ఒకే నీళ్లలో కడిగింది. వంటింట్లోకి తెచ్చి స్టాండులో వరసగా బోర్లించింది. సొట్ట గ్లాసు ఒక్కటే బయట వాడి దగ్గర ఉండిపోయింది. గూడు ఖాళీగా ఉంది.

నాగలక్ష్మమ్మకు మధ్యాహ్నం బీపీ మాత్ర వేసుకునే వేళయింది. అరచేతిలో మాత్ర పెట్టుకుని స్టాండు ముందుకు వచ్చి ఆగిపోయింది. గ్లాసులన్నీ ఒకే తీరుగా మెరుస్తున్నాయి.

"నువ్వు తాగింది ఏది మే?"

రెజీనా చెంగుతో చేతులు తుడుచుకుంటూ ఆ వరస అంతా చూసింది. నిజంగానే ఆమెకు తెలియలేదు.

"అన్నిటి మీదా నీ పేరే ఉండాదమ్మా. యాడ గుర్తుపట్టేది?"

నాగలక్ష్మమ్మ చెయ్యి ఒక గ్లాసు దాకా పోయి, పక్కదాని మీదికి జరిగి, వెనక్కి వచ్చేసింది. మాత్ర నోట్లో వేసుకుంది. అది నాలుక మీద కరిగి చేదెక్కుతున్నట్టుంది, మొహం చిట్లించింది. సింకు దగ్గరికి పోయి కొళాయి తిప్పింది. వంగి, రెండు చేతులూ దగ్గర చేర్చి, దోసిలి పట్టి తాగింది. అలవాటు లేని చేతులు. నీళ్లు మోచేతుల దాకా కారి రైక తడిసింది.

రెజీనా సంచి భుజాన వేసుకుంది.

"రేపొస్తానమ్మా" అంది.